తోడుగా వచ్చిన చుక్కల పెట్ట

దస్తగిరి ఉస్తాదు గారి దగ్గర కోళ్లు తీసుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటు ఒకటి వింతగా తోచేది. అడిగిన తెల్లపెట్టలనూ పుంజునూ గంపలో సర్ది, మీద వల కప్పబోయే ముందు, ఎవరూ అడగని చుక్కల పెట్టను ఒకదాన్ని చంకన పెట్టుకొచ్చి వాటి నడుమ కూర్చోబెట్టేవారు. "ఇదెందుకండీ?" అంటే "తోడుగా పోనీ నాయనా" అనేవారు. అంతకు మించి ఆ విషయంలో ఆయన నోరు విప్పగా విన్నవాళ్లు లేరు. తీసుకున్నవాళ్లు గుండ్లకమ్మ ఏరు దాటేదాకా ఓపిక పట్టి, అవతలి గట్టెక్కాక నవ్వుకునేవారు. పనికిరాని కోడిని ముసలాయన మర్యాదగా వదిలించుకున్నాడని వాళ్ల అభిప్రాయం.

ఆ కోళ్ల సంగతి తెలియనివారి కోసం కాస్త ఆగి చెప్పుకోవాలి. నాటుకోళ్ల రంగులకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే ముచ్చటేస్తుంది. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, వీపున పసుపు మెరిసేది నెమలి. ముక్కు కొస నుంచి తోక చివరి వరకు తెల్లగా ఉండేదాన్ని సేతువ అంటారు. ఉస్తాదు గారి ఇంట తాతల నాటి నుంచి పెరుగుతున్నవి సేతువలు. నిలబడితే మెడ నిటారుగా, ఛాతీ ముందుకు, ఎవరినో పలకరించడానికి వాకిట్లోకి వచ్చిన పెద్దమనిషిలాగా ఉండేవి. పందేనికని అడిగినవాళ్లకు ఆయన గుడ్డు కూడా ఇవ్వలేదు. చూడటానికీ, పెంచడానికీ, అందాల పోటీలో నిలబెట్టడానికీ అయితేనే ఇచ్చేవారు. అసలు ఉస్తాదు అన్నది ఆయన పేరు కాదు. గురువు అని అర్థం. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు పిలిచీ పిలిచీ ఊరంతటికీ అదే అలవాటైంది.

అలా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో చివరివాడు చెంచురామయ్య. ఏటికి ఈవలి ఊళ్లో పొగాకు రైతు. ఈకను ఎండకు పట్టి చూడటం, పిల్ల కాళ్ల మీద నిలిచే తీరును బట్టి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పడం, పోటీకి ముందు పుంజును కుంకుడుకాయ నురగతో కడిగి నీడలో ఆరబెట్టడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఉస్తాదు గారికి మోకాళ్లు పట్టేసి వంగి గంప ఎత్తడం కష్టమైన ఏడు, ఆయన చెంచురామయ్యను పిలిచి మిగిలిన సేతువలన్నీ తీసుకుపొమ్మన్నారు. "నా పిల్లలెవరికీ దీనిమీద మనసు లేదు. ఇక ఈ వంశం నీ చేతిలో ఉంటుంది" అన్నారు.

అంతటి మాట అన్నాక ఏదో ఒకటి అడగాలని, చెంచురామయ్య తనకు ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్ననే అడిగాడు. "ఉస్తాదు గారూ, సేతువలో మచ్చ ఎంతవరకు ఉండొచ్చండీ? ఎంత ఉంటే తప్పు?"

ఉస్తాదు గారు గోడ పట్టుకుని మెల్లగా లోపలికి పోయి, చంకన చుక్కల పెట్టతో వచ్చారు. తెల్లని ఒంటి మీద ఎవరో బూడిదా గోధుమరంగూ కలిపి చల్లినట్టు చుక్కలు. దాన్ని గంపలో కూర్చోబెట్టి, "ఇది ఒక్కటే మిగిలింది. తోడుగా పోనీ నాయనా" అన్నారు.

తన ప్రశ్న ఆయనకు వినబడలేదేమో అనుకున్నాడు చెంచురామయ్య.

ఇంటికి తెచ్చి వల విప్పగానే సేతువలు ఒక్కొక్కటే మెడలెత్తుకుని బయటికి నడిచాయి. అన్నిటికన్నా వెనక చుక్కల పెట్ట దిగి, వెంటనే పెంట దగ్గరికి పోయి గీరడం మొదలుపెట్టింది. చెంచురామయ్య భార్య తిరుపతమ్మ చూసి నవ్వింది. "ఇంతమంది దొరసానులకు ఒక పనిమనిషిని కూడా ఇచ్చి పంపారే ఉస్తాదు గారు!" అని, దానికి చుక్కమ్మ అని పేరు పెట్టింది. ఆ మాట నిజమే అయింది. సేతువలు గుడ్డు పెట్టి, రెండు కేకలు వేసి, వెనక్కి చూడకుండా పోయేవి. పొదగవలసి వచ్చినప్పుడు వాటిలో ఒక్కటీ కుదురుగా కూర్చునేది కాదు. చుక్కమ్మ మాత్రం ఎవరి గుడ్లు పెడితే వాటి మీద కూర్చునేది. మేతకు కూడా దిగకుండా, కళ్లు సగం మూసుకుని, ఎవరైనా దగ్గరికొస్తే గొంతులోనే సన్నగా గుర్రుమంటూ ఉండేది. దాని కింద నుంచి పిల్లలు గంపెడు వచ్చేవి.

పెట్టలు చేతికొచ్చిన మరుసటేడే చెంచురామయ్య పుంజును పోటీకి పట్టుకెళ్లాడు. మార్గశిరంలో పట్నంలో జరిగే పోటీ అది. అక్కడ కోళ్లను కొట్టుకోనివ్వరు. బల్లల మీద నిలబెట్టి, రంగునూ నిలబడే తీరునూ చూసి బహుమతులిస్తారు. పోటీ పెద్ద రంగనాయకులు గారు చేతిలో సన్నటి వెదురు పుల్లతో ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, పుల్లతో రెక్క ఎత్తి అడుగున చూస్తారు. చెంచురామయ్య పుంజు దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆగారు. ఆయన రెక్క ఎత్తి, వంగి, లోపల ఒక ఈకను పుల్ల కొసతో పక్కకు తీశారు. "చాలా బాగుందయ్యా. కానీ ఇక్కడొక బూడిద ఈక ఉంది" అని ముందుకు నడిచారు. పక్క బల్లవాడు జాలిపడి, "ముందురోజే పీకేయాలయ్యా, ఇంత అమాయకుడివేంది?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని చెంచురామయ్య ఏరు దాటి ఉస్తాదు గారిని అడిగాడు, పీకొచ్చా అని. ఆయన తల అడ్డంగా ఊపారు. "పీకితే మళ్లా మొలుస్తుంది నాయనా. అది యాడ నుంచి మొలుస్తుందో ఆడికి నీ వేళ్లు పోవు."

చెంచురామయ్య ఆ మాటను తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. ఈకను పీకడం కాదు, ఈక మొలిచే కోడినే తీసేయాలి అనుకున్నాడు. ఇందులో అతని తప్పు ఎంతో, అతని చేతి పని తప్పు ఎంతో చెప్పడం కష్టం. పొగాకు రైతు కళ్లు వేరు. బ్యారన్‌లో అంటే పొగాకు కొట్టంలో, సెగకు కాల్చి దించిన ఆకును కుప్ప పోసుకుని కూర్చుంటే, పసుపుది ఒక పక్క, నిమ్మపండు రంగుది ఒక పక్క, మాడినది ఒక పక్క, మచ్చ పడినది దూరంగా. చూపు పడటమే ఆలస్యం, చెయ్యి దానంతట అదే విసిరేస్తుంది. చిన్నప్పటి నుంచి అదే పని. మచ్చ పడిన ఆకు ఒకటి కట్టలో కలిస్తే కట్ట మొత్తం పేరు చెడుతుందని తండ్రి వీపు మీద చరిచి నేర్పిన చదువు. ఆ కళ్లతోనే, ఆ చేత్తోనే అతను కోడిపిల్లల్ని కూడా ఏరడం మొదలుపెట్టాడు. పిల్లకు ఈకలు తిరుగుతుండగానే పట్టుకుని, బొటనవేలితో రెక్క విప్పి, ఎండకు పట్టి అడుగున చూసేవాడు. ఛాయ ఏ కాస్త తేడాగా ఉన్నా పక్క గంపలోకి పోయేది. పక్క గంప అంటే కూరకు పోయేదీ, అడిగినవాళ్లకు ఇచ్చేసేదీ.

తిరుపతమ్మ కూడా పొగాకు ఏరిన మనిషే. ఒకరోజు చూసి చూసి అంది. "ఏమయ్యా, అది ఆకు కాదు, పిల్ల. ఆకుని పక్కన పెడితే ఆకు ఊరుకుంటది."

"నీకు పోటీ సంగతి తెలవదు, ఊరుకో" అన్నాడు.

"నాకు పోటీ తెలవదు. కోడి తెలుసు" అని ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి స్థిరపడింది. సేతువల గుడ్లు చుక్కమ్మ కిందకి, చుక్కమ్మ గుడ్లు కూరలోకి. చుక్కమ్మ గుడ్లు పిల్లలైతే కొన్ని తెల్లగా, కొన్ని చుక్కలతో వస్తాయి గనక అతనికి అవి వద్దు. ఉన్న తెల్లవాటిలో అన్నిటికన్నా తెల్లని పుంజును, అన్నిటికన్నా తెల్లని పెట్టతో కలిపేవాడు. అవి ఒక్క తల్లి పిల్లలైనా పట్టించుకోలేదు. వాటి పిల్లల్లో మళ్లీ ఏరేవాడు. ఏటికేడు తెలుపు తేరింది. ఎండలో నిలబడితే చూడలేక కళ్లు చికిలించుకోవలసి వచ్చేది. దారిన పోయేవాళ్లు కంచె దగ్గర ఆగి చూసేవారు. అలా ఆగిన ప్రతి మనిషీ చెంచురామయ్యకు ఒక బహుమతిలాగే ఉండేవాడు. గుడ్లు తగ్గాయని, పెట్టినవాటిలో కూడా మురిగేవి ఎక్కువయ్యాయని తిరుపతమ్మ అప్పుడప్పుడు అనేది. అతను వినేవాడు, ఎండలు ఎక్కువగా ఉన్నాయనేవాడు.

ఇలా ఉండగా ఒక కార్తీకం వెళ్లిన వారంలో రంగనాయకులు గారు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు, ఈసారి పోటీకి రాబోయే పుంజును ముందుగా చూసి పోదామని. పుంజును చూశారు. పుల్లతో పని లేకుండా చేత్తోనే రెక్క ఎత్తారు. బూడిద ఈక ఒక్కటీ కనబడక రెక్క దించి, చెంచురామయ్య భుజం తట్టారు. తర్వాత పెరట్లోకి చూసి మొహం చిట్లించారు. మూల గంపలో చుక్కమ్మ గుడ్ల మీద కూర్చుని ఉంది.

"అదేంది రామయ్యా? దొడ్లో అట్టాంటిది పెట్టుకుని సేతువ వంశం అంటే ఎవరు నమ్ముతారయ్యా? రేపు నువ్వు గెలిచాక జనం చూడటానికొస్తారు. ముందు దాన్నే చూస్తారు."

పొగాకు కట్టలో మచ్చ ఆకు కనబడినప్పుడు తండ్రి చెంచురామయ్యను చూసిన చూపు అది. అంతలో మధ్యాహ్నమైంది. దూరం నుంచి వచ్చిన మనుషులు, భోజనం పెట్టకుండా పంపడం ఆ ఊళ్లో లేని పద్ధతి. నాటుకోడి కూర లేకుండా పెట్టడం అసలే లేదు. అతను లేచి మూల గంప వైపు నడిచాడు.

తిరుపతమ్మ వంటింటి గడపలోంచి చూసి గబగబా వచ్చి అడ్డంగా నిలబడింది. గొంతు తగ్గించి, "పొదుగులో ఉన్నదాన్ని లేపుతావా? రేపో ఎల్లుండో పిల్లలు దిగుతయ్యి. కూరకైతే నేను నా నల్లపుంజు ఇస్తా, దాన్ని కోసుకో" అంది.

"పుంజు ముసలిది, ఉడకదు. గుడ్లు ఇంకో పెట్ట కింద పెడదాం."

"ఏ పెట్ట కింద? నీ దొరసానులు కూర్చుంటయ్యా?"

లోపల రంగనాయకులు గారు మంచినీళ్లడిగారు. ఆ గొంతు విని చెంచురామయ్య వంగి చుక్కమ్మను ఎత్తాడు. అది రెక్కలు కొట్టలేదు, అరవలేదు. గొంతులోనే సన్నగా గుర్రుమంది. పొట్ట కింద ఈకలు రాలిపోయి, చర్మం కాలుతున్నట్టు వెచ్చగా అరచేతికి తగిలింది. ఆ వెచ్చదనానికి అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిందని తర్వాత అతనికి ఎన్నోసార్లు గుర్తొచ్చింది. కానీ ఆగిన చెయ్యి మళ్లీ కదిలింది.

కూర బాగుందన్నారు వచ్చినవాళ్లు. రంగనాయకులు గారు మారు వడ్డించుకుని, "ఈ రుచి నాటుకోడికే వస్తుందమ్మా" అని తిరుపతమ్మను మెచ్చుకున్నారు. ఆమె వడ్డించింది, ఆ పూట తను మాత్రం పచ్చడితో తింది. గుడ్ల మీద ఒక సేతువ పెట్టను కూర్చోబెట్టి గంప మూశారు. అది గంపలో నిలబడే ఉంది. కాళ్లతో గుడ్లను తోసింది. ఇంకోదాన్ని పెట్టారు. అది గుడ్ల మీద రెట్ట వేసి, గంప సందులోంచి ముక్కు బయటపెట్టి అరిచింది. సాయంత్రానికి తిరుపతమ్మ ఒక్కొక్క గుడ్డునూ చెంపకు ఆనించి చూసి, చల్లబడినవన్నీ పెంటకు మోసుకుపోయింది.

పోటీలో చెంచురామయ్య పుంజు మొదటి బహుమతి గెలిచింది. ఇత్తడి కప్పు ఇచ్చారు. దాన్ని తీసుకుని నేరుగా ఉస్తాదు గారి దగ్గరికే వెళ్లాడు. ఆయన అప్పటికి మంచం దిగడం తగ్గించారు. కప్పు ఒళ్లో పెట్టుకుని, అంచు చుట్టూ వేలు తిప్పి చూసి సంతోషించారు. తర్వాత, "చుక్కలది ఎట్టా ఉంది నాయనా?" అన్నారు.

చెంచురామయ్య అబద్ధం ఆడలేదు. అతిథులకు కూర చేశామని చెప్పాడు. ముసలిదైపోయిందని కూడా కలిపాడు.

"పొదుగులో ఉందా?"

"...ఉందండి."

ఉస్తాదు గారు కప్పును తిరిగి అతని చేతికిచ్చారు. "టీ తాగి పో నాయనా" అన్నారు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. చుక్కమ్మ లేదు గనక పొదగడానికి ఇరుగుపొరుగు వాళ్ల కోళ్లను అడిగి తెచ్చుకున్నారు. పిల్లలు దిగలేదు. పట్నం నుంచి కరెంటు యంత్రం తెప్పించి గుడ్లు అందులో పెట్టారు. దిగలేదు. యంత్రం చెడిందనుకుని బాగు చేసేవాణ్ణి పిలిస్తే, అతను తన ఇంటి గుడ్లు తెచ్చి పెట్టి పిల్లల్ని లేపి చూపించి పోయాడు. పశువుల డాక్టరు మేత మార్చమన్నాడు, మార్చారు. గవ్వలు నూరి కలిపారు. దిగాల్సిన రోజు దాటాక తిరుపతమ్మ గుడ్డు పగలగొట్టి చూస్తే, లోపల పిల్ల అంతా తయారై, ముక్కు రెక్క కింద పెట్టుకుని చచ్చిపోయి ఉండేది. పెంకు పగలగొట్టుకునే సత్తువ ఒక్కదానికీ లేకపోయింది. ఊరికోడిని కలిపితే పిల్లలు బతుకుతాయని చెంచురామయ్యకు తెలుసు. బతికేది సేతువ కాదనీ తెలుసు. ఆ నిలబడే తీరు, ఆ మెడ, ఉస్తాదు గారి తాత నాటి నుంచి వచ్చింది, ఒక్క తరంలో పోతుంది. ఉస్తాదు గారి చుక్కల పెట్టలు తీసుకున్నవాళ్లను వెతికి అడిగితే, అవి ఏనాడో కూరకు పోయాయన్నారు. చూస్తూ ఉండగానే పెట్టలు ముసలివయ్యాయి. ఒకటి తర్వాత ఒకటి పోయాయి. చివరికి కప్పు గెలిచిన పుంజు, ఇంకొక్క పెట్ట మిగిలాయి. ఒకరోజు ఆ పెట్ట మళ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఇక పెట్టదేమో అనిపించి చెంచురామయ్య ఆ గుడ్లన్నీ ఊక పోసిన బుట్టలో సర్దుకుని ఏరు దాటాడు.

ఉస్తాదు గారు వాకిట్లో మంచం మీద కూర్చుని ఎండ కాగుతున్నారు. బుట్ట చూసి చెయ్యి చాపారు. ఒక్కొక్క గుడ్డునూ గొట్టంలా చుట్టిన పిడికిట్లో పట్టి, ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూశారు. కొన్ని పక్కన పెట్టేశారు. మిగిలినవాటి మీద పక్కింటివాళ్ల నల్లపెట్టను తెప్పించి కూర్చోబెట్టించారు. మంచి పెట్ట అది, కూర్చోగానే కళ్లు సగం మూసింది. "పిల్లలు దిగే రోజుకి రా నాయనా" అన్నారు.

ఆ రోజు చెంచురామయ్య పొద్దున్నే వచ్చేశాడు. గంప పక్కన కింద కూర్చున్నాడు. మంచం మీద ఉస్తాదు గారు, ఆయన చేతిలో తస్బీ పూసలు. ఎండ గంప మీదికి వచ్చి, మళ్లీ గంప దాటి పోయింది. చివరికి చెంచురామయ్యే తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ చుక్కలది ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే, ఉంచేవాణ్ణి గదండీ."

ఉస్తాదు గారి వేళ్లు తస్బీ మీద ఆగాయి. "నువ్వు మచ్చ గురించి అడిగావు. కోడి గురించి అడగలేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పాల్సిందేనేమో. నాకూ ఎవరూ చెప్పలేదు. మా అబ్బా తెల్లవాటితో పాటు చుక్కలవీ ఇచ్చాడు. రెండూ ఉంచమన్నాడు, ఉంచాను. అవీ ఇవీ కలుస్తుంటే కలవనిచ్చాను. ఎందుకని ఆయన్ని అడగాలని నాకు తోచలేదు" అన్నారు.

అప్పుడే నల్లపెట్ట కదిలి కింద ఏదో విన్నట్టు తల వంచింది. చెంచురామయ్య గంప కాస్త ఎత్తి చెయ్యి పెట్టాడు. గుడ్లలో ఒకదాని లోపల నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. మిగిలినవి నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆ ఒక్కదాన్ని తీసి చెవికి ఆనించుకున్నాడు. అతని మొహంలోకి వెలుగు వచ్చింది. "ఉస్తాదు గారూ, ఇది బతికే ఉందండీ! కొడుతుంది!"

"కొట్టనీ."

కొట్టింది. పెంకు మీద వెంట్రుక లాంటి గీత పడింది. తర్వాత చప్పుడు నెమ్మదించింది. ఆగి కొట్టడం, ఇంకా ఎక్కువసేపు ఆగి కొట్టడం, ఆగిపోవడం. చెంచురామయ్య ఉస్తాదు గారి వైపు చూశాడు. పెంకు మనమే తీసి లేపిన పిల్ల నిలబడదని నేర్పింది ఆయనే. అయినా, "తీయమంటారా?" అని అడిగాడు. ఆయన చాలాసేపు చూసి, తల ఊపారు.

చెంచురామయ్య గోటితో గీత దగ్గర పెంకును ముక్క ముక్కగా తీశాడు. లోపలి పొరను నాలుక తడితో తడిపి, చిరగకుండా వెనక్కి మడిచాడు. పొగాకు నారు పీకేటప్పుడు కూడా అంత నెమ్మదిగా అతని వేళ్లు ఎన్నడూ కదలలేదు. పిల్ల అరచేతిలోకి జారింది. తడిసి, వెచ్చగా, లేత పసుపు నూగుతో ఉంది. సేతువ పిల్లలు పుట్టినప్పుడు అలాగే ఉంటాయి, తెలుపు తర్వాత వస్తుంది. మెడ ఎత్తబోయింది. ఎత్తలేక అతని బొటనవేలి మీద ఆనించింది. నోరు తెరిచింది గానీ చప్పుడు రాలేదు. అతను రెండో చెయ్యి మీద కప్పి ఊపిరి ఊదుతూ కూర్చున్నాడు. నల్లపెట్ట గంపలోంచి రెండుసార్లు పిలిచింది. పిల్ల కాళ్లు ఒక్కసారి చాచి, ఇక ముడుచుకోలేదు.

చెంచురామయ్య పైచేతిని తీశాడు. చచ్చిపోయిందని తెలుస్తూనే ఉంది. అయినా అతని బొటనవేలు, ఇన్నేళ్ల అలవాటు చొప్పున, తనకు తెలియకుండానే ఆ తడి రెక్కను మెల్లగా విప్పింది. ఎండకు పట్టి అడుగున చూసింది. తన వేలు ఏం చేస్తోందో అప్పుడు చూసుకున్నాడు. చూసుకుని, రెక్కను మూయలేక, వదల్లేక, అలాగే ఉండిపోయాడు.

ఉస్తాదు గారు మంచం మీద నుంచి అంతా చూస్తున్నారు.

"ఉందా నాయనా?"

"లేదండి. ఒక్క మచ్చ కూడా లేదండి."

ఉస్తాదు గారు వంగి, మంచం కింద ఉన్న ఖాళీ బుట్టను చేతికర్రతో అతని వైపు జరిపారు.

"పొద్దు వాలకముందే ఏరు దాటు నాయనా. ఈసారి తోడుగా పంపడానికి నా దగ్గర ఏమీ లేదు."